చెరోకీ నేర్చుకుంటున్న బయటి మనిషి డైరీ

జనవరి

ముందు ప్రాజెక్టు ఏమిటో రాసి పెట్టుకుంటున్నాను. చెరోకీ అంటే అమెరికాలోని ఒక ఆదివాసీ జాతి, వాళ్ళ భాష పేరూ అదే. ఈ ఏడాదిలో చెరోకీ అక్షరాలన్నీ తడుముకోకుండా చదవాలి, రాయాలి. రోజూ వాడే క్రియలు కొన్ని నోటికి రావాలి. ఎదుటి మనిషి నెమ్మదిగా మాట్లాడితే దేని గురించి మాట్లాడుతున్నారో అందాలి. అంతకు మించి పెట్టుకోలేదు.

సరంజామా: ఒక డబుల్ రూల్ నోటుబుక్కు, ఫోన్లో చెరోకీ కీబోర్డు, ఆంకీ అనే ఫ్లాష్‌కార్డుల యాప్, 1975లో డర్బిన్ ఫీలింగ్ కూర్చిన చెరోకీ-ఇంగ్లీషు నిఘంటువు, చెరోకీ నేషన్ (ఓక్లహోమాలో చెరోకీల సొంత ప్రభుత్వం) వాళ్ళు ఉచితంగా నడిపే ఆన్‌లైన్ క్లాసు.

నేనుండేది ఆర్కన్సా రాష్ట్రం వాయవ్య మూల, బెంటన్‌విల్‌లో. ఐటీ ఉద్యోగాల మీద వచ్చిన తెలుగువాళ్ళం ఇక్కడ చాలామందిమే ఉన్నాం. సైలోమ్ స్ప్రింగ్స్ దాటితే ఓక్లహోమా. గంటన్నర డ్రైవ్ చేస్తే తాలెక్వా, చెరోకీ నేషన్ రాజధాని. మాకు ఇంకా దగ్గర్లో పీ రిడ్జ్ పార్కు ఉంది. జనం అక్కడికి అమెరికా అంతర్యుద్ధం జరిగిన చోటు చూడ్డానికి వస్తారు. ఆ పార్కులోంచే పాత టెలిగ్రాఫ్ రోడ్డు పోతుంది. ఆదివాసులను పడమరకు తరలించడానికి 1830లో చేసిన చట్టాన్ని పట్టుకుని, 1835 నాటి ఒప్పందాన్ని సాకుగా చూపించి, చెరోకీలను జార్జియా, టెనెసీ, నార్త్ కరోలినా కొండల్లోంచి ఖాళీ చేయించారు. 1838-39లో పడమరకు నడిపించిన దారుల్లో ఆ రోడ్డు ఒకటి. సుమారు 16,000 మందిని కదిలిస్తే దాదాపు 4,000 మంది చనిపోయారని చెబుతారు. శనివారం పొద్దున్న నేను నడకకి వెళ్ళే రోడ్డు అది. ఆ నేల మీద ఇల్లు కొనుక్కుని, గంటన్నర దూరంలో బతికి ఉన్న భాషలో ఒక్క ముక్క కూడా తెలియకుండా ఉండటం నాకు నచ్చలేదు. నేర్చుకోవడానికి ఇంతకన్నా పెద్ద కారణం ఏమీ లేదు.

అమ్మకి ఫోన్లో చెప్పాను.

"ఏటే, ఇంగ్లీషు చాల్లేదేటి?" అంది.

"చాల్లేదమ్మా."

"సర్లే, నేర్చుకో. అది అన్నం పెడతాదా అని మీ నాన్న అడుగుతారు. నేను అడగను."

ఇంకో మాట. మన పాఠ్యపుస్తకాల్లో వీళ్ళని 'రెడ్ ఇండియన్లు' అని చదువుకున్నాం. ఈ డైరీలో ఆ పేరు వాడను. చెరోకీలు చెరోకీలే, ఓక్లహోమాలో వాళ్ళ పక్కనే ఉన్న మరో జాతి ఓసేజ్‌లు ఓసేజ్‌లే.

ఫిబ్రవరి

నెలంతా అక్షరాలే. మొత్తం 85. 'గ', 'గె', 'గి' అని ఒక్కో పలుకుకి ఒక్కో గుర్తు. మన గుణింతంలో అయితే తలకట్టు, గుడి, కొమ్ము చూసి అచ్చు పట్టేసుకుంటాం. ఇక్కడ 'గ'కీ 'గి'కీ పోలికే ఉండదు, ప్రతి గుర్తునీ విడిగా గుర్తుపెట్టుకోవాలి. అచ్చు లేకుండా నిలబడే హల్లు ఒక్కటే, 'స్'. అచ్చులు ఆరు: అ, ఎ, ఇ, ఒ, ఉ, ఆరోది ముక్కుతో పలికే 'అఁ'. పెదవులు కలిపే ధ్వనులు దాదాపు లేవు. ప, బ అసలే లేవు, 'మ' కూడా కొద్ది మాటల్లోనే వస్తుంది.

ఈ లిపిని 1821 నాటికి పూర్తి చేసినవాడు సెక్వోయా. వెండి పని చేసేవాడు, ఇంగ్లీషు చదవడం రాదు. తెల్లవాళ్ళు కాగితం మీద గీతలతో కబురు పంపుకోవడం చూసి, తన భాషకీ అలాంటిది ఉండాలని ఏళ్ళ తరబడి దాని మీదే కూర్చున్నాడు. చేతబడి చేస్తున్నాడని ఇరుగుపొరుగు అనుమానపడ్డారు. ఆయన దగ్గర మొదట నేర్చుకున్నది కూతురు అయోకా. 1825లో చెరోకీ నేషన్ ఈ లిపిని అధికారికంగా తీసుకుంది. 1828కల్లా అప్పటి రాజధాని న్యూ ఎకోటా నుంచి చెరోకీ ఫీనిక్స్ పత్రిక రెండు భాషల్లో వెలువడింది. చదవడం రాని మనిషి ఒక్కడే కూర్చుని ఒక లిపి కట్టడం, దాన్ని జాతి మొత్తం కొద్ది ఏళ్ళలో నేర్చేసుకోవడం ప్రపంచ చరిత్రలో ఎన్నిసార్లు జరిగి ఉంటుంది? నోటుబుక్కులో ఒక్కో అక్షరం దిద్దుతున్నప్పుడల్లా ఆయన మీద గౌరవం పెరుగుతోంది.

కష్టం ఎక్కడంటే, సెక్వోయా ఇంగ్లీషు అక్షరాల నుంచి కొన్ని ఆకారాలు తీసుకున్నాడు గానీ వాటి పలుకు తీసుకోలేదు. ఇంగ్లీషు డి ఆకారం ఇక్కడ 'అ'. ఆర్ ఆకారం 'ఎ'. డబ్ల్యూ 'ల', ఎమ్ 'లు', హెచ్ 'మి'. ఇన్నేళ్ళ ఇంగ్లీషు చదువు కంటికి అడ్డం పడుతుంది. అందుకని చార్టు వరసలో బట్టీ పట్టకుండా, పోలికలున్నవాటిని పక్కపక్కన పెట్టి కార్డులు చేశాను. 'ల', 'త' రెండూ డబ్ల్యూ లాంటివే, తేడా చాలా చిన్నది. 'లో', 'వ' రెండూ జి లాంటివి. 'ను', 'నఁ' కూడా అంతే. ఈ పద్ధతిలో చదవడం తొందరగా పట్టుబడింది. ఎవరైనా మొదలుపెడితే ఇలాగే చేయమంటాను.

పక్కన తెలుగులో ఉచ్చారణ రాసుకోవడం ఊహించినదానికంటే పనికొచ్చింది. చెరోకీ లిపి అచ్చు నిడివిని చూపించదు, స్వరం ఎక్కడ లేస్తుందో ఎక్కడ దిగుతుందో కూడా చూపించదు. ఉప్పుకీ నీళ్ళకీ రాత ఒకటే, 'అమ'. పలుకులో నిడివి, స్వరం మారతాయి. చిన్నప్పటి నుంచి ఆ భాష వింటూ పెరిగినవాళ్ళకి రాతలో అది అక్కర్లేదు. నాకు కావాలి. తెలుగులో హ్రస్వం, దీర్ఘం విడిగా ఉన్నాయి గనక నిడివి రాసేసుకోవచ్చు. ముక్కు అచ్చుకి అరసున్న సరిపోయింది. స్వరానికి మాత్రం మన దగ్గర గుర్తు లేదు. డర్బిన్ ఫీలింగ్ తన నిఘంటువులో అచ్చుల మీద చిన్న అంకెలు వేసి స్వరాలు చూపించారు. అవే అంకెలు నా తెలుగు రాత నెత్తిన పెన్సిల్‌తో వేసుకుంటున్నాను. ఆయన చెరోకీ మాట్లాడుతూ పెరిగినవారు, 2021లో చనిపోయారు. ఈ భాష నేర్చుకునే ప్రతివాళ్ళూ ఏదో ఒక పేజీలో ఆయనకి బాకీ పడతారు.

మార్చి

ఆన్‌లైన్ క్లాసులో పరిచయాలు. ఎక్కడి నుంచి, ఎవరి పిల్లలు, ఎందుకు నేర్చుకుంటున్నారు చెప్పాలి.

ఒకాయన తన నాయనమ్మ సంగతి చెప్పాడు. బోర్డింగ్ స్కూల్లో చెరోకీ మాట్లాడినందుకు ఆవిడని కొట్టారు. ఆ దెబ్బలు పిల్లలకి తగలకూడదని ఆవిడ ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడింది. ఇంకొకావిడ ఫ్రీడ్‌మెన్ సంతతి. అంటే చెరోకీల దగ్గర బానిసలుగా ఉండి విడుదలైన నల్లవాళ్ళ వారసులు. పౌరసత్వానికి 'రక్తం వల్ల' అనే షరతుని చెరోకీ నేషన్ సుప్రీంకోర్టు 2021లో రాజ్యాంగం నుంచి తీసేసింది. ఆ తరవాతే ధైర్యంగా క్లాసులో చేరానని చెప్పింది. మరొకరు, తమ ముత్తవ్వ చెరోకీ అని ఇంట్లో అనుకుంటారని చెప్పారు. ఆ మాటకి తాలెక్వా వైపు నుంచి చేరినవాళ్ళ ముఖాలు బిగుసుకోవడం స్క్రీన్ మీద కనిపించింది. అమెరికాలో లక్షల కుటుంబాలు ఆ కథ చెప్పుకుంటాయి. 1898-1906 మధ్య తయారైన డాస్ రోల్స్ అనే జాతి సభ్యుల జాబితాలో పూర్వీకుల పేరు ఉంటేనే చెరోకీ నేషన్ పౌరులవుతారు. పేరు లేని కథలు విని విని వాళ్ళకి విసుగొచ్చింది. ఆ విసుగు న్యాయమైనదే.

నా వంతు వచ్చింది. "నేను చెరోకీని కాను. ఇండియా నుంచి వచ్చాను. నా భాష తెలుగు. మీ పక్క ఊళ్ళో ఉంటాను కాబట్టి నేర్చుకుంటున్నాను" అన్నాను. టీచరు "హోవా" అన్నారు, అంటే సరే అని. తరవాతి మనిషి దగ్గరికి వెళ్ళిపోయారు. ఎవరూ ఏమీ అనలేదు, అనవలసిందీ లేదు. అయినా క్లాసు అయ్యేదాకా ఒంట్లో ఒక టెన్షన్. వాళ్ళు ఒక మాట నేర్చుకుంటే ఎవరో గుర్తొస్తున్నారు: "మా తాత ఇలాగే అనేవాడు", "ఇది చర్చిలో విన్నాను". నాకు మాట వస్తే మాట వచ్చినట్టే, దాని వెనక మనిషి లేడు. ఈ గదిలో నా కుర్చీ ఎవరిది అన్న ప్రశ్న ఆ రాత్రి చాలాసేపు వదల్లేదు.

ఆ ప్రశ్న ఊరికే వచ్చింది కాదు. చెరోకీ నేషన్ పౌరులు నాలుగున్నర లక్షలకి పైనే. చెరోకీ మొదటి భాషగా ఉన్నవాళ్ళు రెండు వేల లోపు, వాళ్ళలో ఎక్కువమంది అరవై దాటినవాళ్ళు. 2019లో ఓక్లహోమాలోని చెరోకీ నేషన్, యునైటెడ్ కీటూవా బ్యాండ్, నార్త్ కరోలినాలోని ఈస్టర్న్ బ్యాండ్, మూడు ప్రభుత్వాలూ కలిసి కూర్చుని భాషకి అత్యవసర పరిస్థితి ప్రకటించాయి. 2020 డిసెంబరులో కోవిడ్ టీకా వచ్చినప్పుడు చెరోకీ నేషన్ ముందు వరసలో నిలబెట్టినవాళ్ళలో ఈ భాష మాట్లాడే పెద్దలు ఉన్నారు. అలాంటి మనిషి గంట సమయం ఎంత విలువైనదో లెక్కగట్టుకుంటే, ఆ గంటలో నా సందేహం అడగడానికే మొహమాటం వేస్తుంది.

నియమం ఒకటి రాసుకున్నాను. ఆన్‌లైన్ క్లాసు ఎంతమందికైనా సరిపోతుంది, అందులో ఉంటాను. సీట్లు పరిమితంగా ఉండేచోట, పెద్దవాళ్ళు విడిగా కూర్చుని నేర్పేచోట, చెరోకీలు అందరూ కూర్చున్నాక మిగిలితేనే నేను.

ఏప్రిల్

నాయనమ్మ సంగతి చెప్పినాయన నాకు మెసేజ్ పెట్టాడు. క్లాసులో తను దొంగతనంగా వచ్చి కూర్చున్నట్టు ఉంటోందట. చేతిలో పౌరసత్వం కార్డు ఉంది, ఇంటిపేరు చూస్తే తాలెక్వాలో ఎవరైనా గుర్తుపడతారు, అయినా బంధువుల ఇంట్లో పెద్దలు చెరోకీలో నవ్వుకుంటుంటే ఈయన ఫోన్ చూసుకుంటూ కూర్చోవాలి. "మీకూ ఇలాగే ఉంటుందా?" అని అడిగాడు.

జవాబు రాయడానికి టైం పట్టింది. నాకూ అంతే అని రాసేస్తే ఆయనకి ఊరటగా ఉండేది, నాకు తోడు దొరికేది. కానీ అది నిజం కాదు. ఆయన తన సొంత ఇంటి తాళంచెవి బలవంతాన లాగేసుకుంటే గుమ్మంలో నిలబడ్డ మనిషి. నేను ఆ ఇంటికి చుట్టపుచూపుగా వచ్చినదాన్ని. ఇద్దరం గుమ్మం బయటే ఉన్నా ఆయన బాధ వేరు, నా బెరుకు వేరు. "నాదీ మీదీ ఒకటి కాదు. మీకు రావలసింది మీకు రాలేదు. నాకు రావలసింది ఏమీ లేదు, ఇచ్చింది తీసుకుంటున్నాను" అని రాశాను. అప్పటి నుంచి ఇద్దరం వారం వారం పాఠం కలిసి వల్లె వేసుకుంటున్నాం.

ఈ నెల పాఠం క్రియలు. చెరోకీ అంటే క్రియలే. ఎవరు, ఎవరితో, ఎంతమంది, ఎప్పుడు, అన్నీ ఒక్క క్రియలోనే కూరుస్తారు. మాట్లాడటం తీసుకుంటే: 'చివోనిహ' నేను మాట్లాడుతున్నాను, 'హివోనిహ' నువ్వు మాట్లాడుతున్నావు, 'గవోనిహ' తను మాట్లాడుతోంది. 'ఇనివోనిహ' నువ్వూ నేనూ ఇద్దరమే. 'ఓస్దివోనిహ' నేనూ ఇంకొకరూ, నువ్వు కాదు. 'ఇదివోనిహ' మనమంతా. 'ఓచివోనిహ' మేమంతా, నువ్వు కాదు. ఇంగ్లీషు ఒక్కటే వచ్చినవాళ్ళు ఇక్కడ చతికిలపడతారు. తెలుగువాళ్ళకి మనం, మేము తేడా పుట్టుకతోనే ఉంది. సంస్కృతం క్లాసులో 'రామౌ' దగ్గర ద్వివచనం ఒకసారి చూసి ఉన్నాం కూడా. పట్టిక చూసిన పూటే నాకు ఒంటబట్టింది, మెసేజ్ పెట్టినాయనకి నేనే విప్పి చెప్పాను. తెలుగు వల్ల ఆ గదిలో ఒకరికి పనికొచ్చినందుకు సంతోషం వేసింది.

మే

ఇవ్వడం అనే క్రియ దగ్గర మాత్రం తెలుగు సాయానికి రాలేదు. చెరోకీలో ఏ వస్తువు అందిస్తున్నామో దాన్ని బట్టి క్రియ మారుతుంది. ప్రాణం ఉన్నదైతే 'హికాసి', గుడ్డలా తాడులా మెత్తగా వంగేదైతే 'హినఁసి', కర్రలా పొడుగ్గా గట్టిగా ఉంటే 'హిదిసి', నీళ్ళలాంటిదైతే 'హినెఅఁసి', వీటిలో దేనికీ చెందని తిండి, పుస్తకం లాంటివాటికి 'హిఅఁసి'. అన్నిటికీ తెలుగులో 'అతనికి అందించు' అంటే సరిపోతుంది.

పుస్తకంలో చదివితే ఇది తలకెక్కదని వంటింటి బల్ల మీద పెట్టాం. తడి తువ్వాలు, గరిటె, గ్లాసుతో నీళ్ళు, ఒక నిమ్మకాయ. ప్రాణం ఉన్నదాని కోసం పక్కింటివాళ్ళ కుక్కపిల్లని కాసేపు అడిగి తెచ్చుకుంది మా అమ్మాయి. నేను క్రియ అంటాను, వస్తువు పేరు చెప్పను. తను ఆ క్రియకి సరిపడే వస్తువు తీసి వాళ్ళ నాన్నకి అందించాలి. 'హిదిసి' అంటే గరిటె. 'హినెఅఁసి' అంటే గ్లాసు, చుక్క ఒలకకుండా రెండు చేతులతో. తరవాత మడత పెట్టిన తువ్వాలుని చుట్టచుట్టి నిలబెట్టి, "అమ్మా, ఇప్పుడు ఇది పొడుగుదేనా?" అంది. మంచి ప్రశ్న. నాకు జవాబు తెలియదు గనక క్లాసులో అడిగాను. చుట్టినా తువ్వాలు తువ్వాలే అన్నారు టీచరు. ఆకారం కన్నా వస్తువు స్వభావం చూస్తుందన్నమాట ఆ క్రియ. కుర్రవాళ్ళు కొందరు అన్నిటికీ 'హిఅఁసి' ఒక్కటే వాడేస్తున్నారని ఈ భాషని పరిశీలించినవాళ్ళు రాశారు. ఆ ఐదూ ఐదుగానే మిగలాలని నాకు గట్టిగా ఉంది. కోరుకునే హక్కు నాకు ఎంత అన్నది వేరే విషయం.

జూన్

ఈ నెల పాఠాలు తక్కువ, ఆలోచన ఎక్కువ.

మాది శ్రీకాకుళం జిల్లా. సీతంపేట సంతకి సవరవాళ్ళు కొండల మీంచి చింతపండు, కొండచీపుర్లు తెచ్చేవారు. బేరం తెలుగులో. లెక్క తెలుగులో. వాళ్ళు నేర్చుకుని వచ్చేవారు, మా వైపు ఎవరూ వాళ్ళ భాష నేర్చుకోలేదు, అవసరం ఉందని అనుకోలేదు. అక్కడ మేం లోపలివాళ్ళం. పరాయిగా నిలబడటం ఎలా ఉంటుందో సంతలో వాళ్ళకి ప్రతి వారం తెలుసు. నాకు ఇన్నేళ్ళ తరవాత, అదీ నా ఇష్టంతో, అదీ ఉచితంగా దొరికిన క్లాసులో తెలుస్తోంది.

మా జిల్లాలో ఒక్క మనిషి మాత్రం ఎదురు నడిచారు. గిడుగు రామమూర్తి. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినంగా జరుపుకుంటాం, వ్యావహారిక భాష కోసం పోరాడినందుకు. సవర పని గురించి మాత్రం తక్కువ మాట్లాడుకుంటాం. పర్లాకిమిడిలో ఉద్యోగం చేస్తూ సవర నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ళ భాషలో బడులు పెట్టించి, వాచకాలు రాసి, 1931లో వ్యాకరణం, తరవాత నిఘంటువు తెచ్చారు. బయటి మనిషి నేర్చుకున్న భాష ఎవరికి తిరిగి చేరిందో చూడండి: ముందు వాళ్ళ పిల్లల బడికి.

అయితే ఆ కథలో ఇంకో ముక్క ఉంది. 1936లో మంగేయి గొమాంగో అనే సవర మనిషి తన భాషకి సొరంగ్ సోంపెంగ్ అనే లిపి తయారుచేశాడు. గిడుగువారి పుస్తకాలు ఉండగానే. ఆంధ్రలో ఇప్పటికీ సవర వాచకాలు అచ్చయ్యేది తెలుగు లిపిలోనే. బయటివాళ్ళు ఎంత ప్రేమతో చేసినా, మా గుర్తులు మేం పెట్టుకుంటాం అనే కోరిక వేరేగా ఉంటుంది. సెక్వోయాది అదే కోరిక, మంగేయి గొమాంగోది అదే.

దీంతో నా తెలుగు చార్టు గురించి ఒక నిర్ణయం కుదిరింది. తెలుగు లిపిలో చెరోకీ రాసిన కాగితాలు నా నోటుబుక్కు దాటవు. కార్డుల ముందువైపు చెరోకీ అక్షరాలే ఉంటాయి. తెలుగు వెనకవైపు, అదీ తెలిసిపోయిన కార్డుల మీద చెరిపేస్తూ పోవాలి. సగం పైగా చెరిపేశాను.

జూలై

ఇక్కడి తెలుగు కుర్రాడు, నాకు తమ్ముడి వరస, నా కార్డులు చూసి ఉత్సాహపడ్డాడు.

"అక్కా, ఇది యాప్ చేసేద్దాం. నెట్‌లో ఉన్న ఆడియో అంతా దింపేసి ఏఐ మోడల్‌కి నేర్పిద్దాం. వారాంతాల్లో చేసినా అయిపోతుంది."

"ఆడియో ఎవరిదిరా?"

"పబ్లిక్‌గానే ఉంది కదక్కా."

"వినడానికి పెట్టారు. తీసుకెళ్ళడానికి కాదు."

వాడు మంచివాడు, సాయం చేద్దామనే అన్నాడు. అందుకే కూర్చోబెట్టి చెప్పాను. చెరోకీలకి టెక్నాలజీ మనం తీసుకెళ్ళక్కర్లేదు. ఈ లిపి 1999లోనే, కంప్యూటర్లలో లిపులన్నిటికీ వాడే యూనికోడ్‌లో చేరింది. 2010లో ఐఫోన్‌లోకి వచ్చింది, 2012లో విండోస్‌లోకి, జీమెయిల్‌లోకి వచ్చింది. చెరోకీ నేషన్ భాషా విభాగం వాళ్ళు కంపెనీలతో కూర్చుని, కంప్యూటర్ మాటలన్నిటికీ తమ అనువాదకులతో చెరోకీ మాటలు కట్టించి సాధించుకున్నారు. ఏది చేయాలో, ఏది చేయకూడదో, ఎవరి గొంతు ఎక్కడ దాకా వెళ్ళాలో వాళ్ళు తేల్చుకుంటారు. చనిపోయిన పెద్దల గొంతులు కూడా ఉంటాయి వాటిలో. మనవలకి అవి రికార్డింగులు కావు. అడగకుండా తీసుకెళ్ళి మనం ఏం కట్టినా, భూమి విషయంలో జరిగినదానికి ఇది కొనసాగింపు అవుతుంది.

"మరి ఇంత నేర్చుకుని నువ్వేం చేస్తావు అక్కా?" అన్నాడు.

"మాట్లాడతాను. వాళ్ళు ఏదైనా పని చెబితే చేస్తాను."

వాడికి ఆ జవాబు చాల్లేదు. నాకు చాలింది.

సెప్టెంబరు

లేబర్ డే వారాంతంలో తాలెక్వా వెళ్ళాం. 1839లో తరిమివేత తరవాత కొత్త రాజ్యాంగం రాసుకున్న రోజుని గుర్తు చేసుకుంటూ 1953 నుంచి ఏటా చెరోకీ నేషనల్ హాలిడే చేస్తున్నారు. ఊళ్ళో వీధుల బోర్డుల మీద ఇంగ్లీషుతో పాటు చెరోకీ ఉంటుంది. అమ్మాయి, నేను పోటీ పడి చదివాం. చదవడం వచ్చేసింది. అర్థం అన్నిటికీ రాదు గానీ, అక్షరం దగ్గర ఆగడం లేదు. ప్రాజెక్టులో ఆ భాగం పూర్తయినట్టే.

వినికిడి అంతగా ఎదగలేదు. బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దాయనకి "ఒసియో" అన్నాను. ఆయన "సియో" అని, ఆపకుండా ఏదో చెప్పారు. అందులో నాకు దొరికింది ఎండ గురించిన మాట, ఇంకో క్రియ కొస. మాట్లాడేటప్పుడు మాటల చివరి అచ్చులు తరచుగా రాలిపోతాయి. రాతలో నిండుగా ఉన్న మాట చెవికి సగమే చేరుతుంది. నెమ్మదిగా చెప్పమని అడిగాను, చెప్పారు, ఇంకొంచెం దొరికింది. ఆయన మనవడు వచ్చి నిమ్మరసం ఇచ్చాక వాళ్ళిద్దరూ మాటల్లో పడ్డారు. మేం లేచాం.

పాత క్యాసినో భవనాన్ని మార్చి 2022లో తెరిచిన డర్బిన్ ఫీలింగ్ భాషా కేంద్రాన్ని బయట నుంచి చూశాం. 2001లో మొదలైన పిల్లల ఇమ్మర్షన్ బడి (పాఠాలన్నీ చెరోకీలోనే చెప్పే బడి), అనువాదకులు, పెద్దవాళ్ళు కూర్చుని నేర్చుకునే శిక్షణ, అన్నీ ఇప్పుడు అక్కడే. ఆ శిక్షణలో చేరినవాళ్ళు రెండేళ్ళ పాటు వారానికి 40 గంటలు చెరోకీలోనే ఉంటారు, దానికి జీతం ఇస్తారు. భాష నేర్చుకోవడాన్ని ఉద్యోగంగా గుర్తించి డబ్బు పెట్టిన ప్రభుత్వాలు ఎన్ని ఉన్నాయి? తెలుగు రాష్ట్రాల్లో గోండి, సవర, కువి భాషల పిల్లల గురించి మాట్లాడేవాళ్ళు ఇక్కడికి వచ్చి చూడాలని గట్టిగా అనిపించింది. ఆ శిక్షణకి నేను దరఖాస్తు పెట్టను. మార్చిలో రాసుకున్న నియమం దీని కోసమే.

అక్టోబరు

సరిహద్దు దాటాక ఉన్న ఒక చిన్న ఊళ్ళో సాయంత్రం క్లాసులో చోటు మిగిలిందని ఆన్‌లైన్ మిత్రుడు చెబితే వెళ్ళాను. నేర్పేది ఒక పెద్దావిడ. క్లాసు రికార్డు చేయకూడదని ముందే చెప్పేశారు. ఫోన్ సంచిలో పెట్టేశాను. కొన్ని పాటలు, కొన్ని మాటలు ఉత్సవాలకి చెందినవనీ, అవి ఈ గదిలో నేర్పననీ కూడా చెప్పారు. ఎవరో ఎందుకని అడిగితే, అవి అక్కడివి అన్నారు. అంతే.

కాదు అనడానికి చెరోకీలో 'త్ల' అంటారు. నేను తెలుగు ఒత్తులా పలుకుతుంటే ఆవిడ నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నాలుక కొస పైపళ్ళ వెనక ఆనించి, కదపకుండా, రెండు పక్కల నుంచీ గాలి వదలమన్నారు. అర చేతిని చెంప పక్కన పెట్టి చూపించారు, గాలి చేతికి తగలాలట. నా గాలి ముందుకే వచ్చింది. మళ్ళీ. ఒక పక్కకి వచ్చింది. మళ్ళీ. రెండు పక్కలా వచ్చాక తల ఊపి తరవాతి కుర్చీకి వెళ్ళిపోయారు. మెచ్చుకోలేదు, ఎవరి మనవరాలివని అడగలేదు. అక్కడ నేను పలకవలసిన ధ్వని ఒకటి ఉంది, అది వచ్చేదాకా ఆవిడ కూర్చున్నారు.

బయటి మనిషిననే స్పృహ ఆ గదిలో పోలేదు. పోవాలని ఇప్పుడు ప్రయత్నించడం లేదు. దాని వల్ల అడగకుండా దేన్నీ ముట్టుకోను, నాకు చెప్పనిదాన్ని తవ్వను. ఏడాది మొదట్లో అది టెన్షన్‌గా ఉండేది. ఇప్పుడు జాగ్రత్తగా మారింది.

డిసెంబరు

ఆ సాయంత్రం క్లాసులో కళ్ళు సరిగా కనబడని పెద్దవయసు వాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు. అందరూ చెరోకీ పౌరులే, చిన్నప్పుడు విన్న భాషని ఇప్పుడు చదవడం నేర్చుకుంటున్నారు. మామూలు చార్టులో 'ల', 'త' తేడా వాళ్ళకి అందడం లేదు. ఒకే పోలిక ఉన్న అక్షరాలని పక్కపక్కన పెట్టిన నా కార్డుల సంగతి విని, అలా పెద్ద అక్షరాల్లో కాగితాలు చేసిపెడతావా అని పెద్దావిడ అడిగారు. తెలుగు లేకుండా, నా పేరు లేకుండా చేసిచ్చాను. 'లో', 'వ' ఉన్న కాగితంలో ఫాంటు మార్చమన్నారు. ఆ ఫాంటులో 'వ' కొస మరీ సన్నగా ఉందట. మార్చి ఇంకో కట్ట అచ్చు వేశాను. అది ఇప్పుడు క్లాసు బీరువాలో ఉంది, కావలసినవాళ్ళు తీసుకుంటున్నారు.

ప్రాజెక్టు పరిస్థితి: చదవడం బాగుంది. రాయడం పర్వాలేదు, 'నఁ' రాసేటప్పుడు చెయ్యి ఇంకా ఆగుతోంది. వర్తమానంలో క్రియలు వస్తున్నాయి. వినడం వెనకబడే ఉంది.

జనవరి నుంచి భూతకాలం. చెరోకీలో జరిగినదాన్ని స్వయంగా చూసి చెబితే ఒక ప్రత్యయం, చూడకుండా విన్నదో తెలుసుకున్నదో చెబితే ఇంకో ప్రత్యయం. 'గవోనిస్గఁఇ' అంటే ఆవిడ మాట్లాడుతుండగా నేను ఉన్నాను. 'గవోనిస్గెఇ' అంటే మాట్లాడుతుండేదట, నేను లేను. మన 'అట'కి దగ్గరే గానీ తెలుగులో 'అట' పెట్టకపోయినా వాక్యం నడిచిపోతుంది. ఇక్కడ ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. అభ్యాసానికి పీ రిడ్జ్ రోడ్డు గురించి ఐదారు వాక్యాలు రాస్తున్నాను. శనివారం నడకలో నేను చూసినవన్నీ మొదటి ప్రత్యయంతో, 1838-39లో ఆ దారిన జరిగినవన్నీ రెండోదానితో. మొదటి చిత్తుప్రతి ఆన్‌లైన్ మిత్రుడికి పంపాను. తన వాక్యాలు కూడా పంపాడు, అవి నాయనమ్మ గురించి. పండగ సెలవులయ్యాక రెండూ క్లాసులో దిద్దించుకుంటాం.